రిజిస్టర్‌లో లేనివాళ్లు: సికింద్రాబాద్‌లోని ఒక సీఎస్ఐ సంఘంలో ఏడాది పని

మాది సికింద్రాబాద్‌లో కంటోన్మెంట్ రోజుల నాటి గుడి. ఇందులో వచ్చే మనుషులను ఎవరూ గుర్తుపట్టకూడదు కాబట్టి గుడి పేరు రాయడం లేదు. 1806లో సికందర్ జా పేరు మీద ఊరు ఏర్పడ్డాక దండులోని తెల్లవాళ్ల కోసం ఇక్కడ ఒక్కొక్క గుడీ లేచింది. 1813 నాటి సెయింట్ జాన్స్, బొల్లారంలో 1847 నాటి హోలీ ట్రినిటీ ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. మాదీ ఆ కోవలోదే. 1947 సెప్టెంబర్ 27న ఆంగ్లికన్, మెథడిస్ట్, సౌత్ ఇండియా యునైటెడ్ చర్చిలు ఏకమై చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ) అయింది. తెల్లవాళ్లు కూర్చున్న బెంచీల మీదికి క్రమంగా మన రైల్వే గుమాస్తాలు, నర్సులు, టీచర్లు వచ్చారు. డోర్నకల్ వైపు నుంచి రైల్వే ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు మా సంఘంలో చాలానే ఉన్నాయి.

ఇప్పుడు వాళ్ల పిల్లలు ఇక్కడ లేరు. కొంపల్లి, నిజాంపేట, సైనిక్‌పురి, బోడుప్పల్, ఇలా తలో దిక్కున ఫ్లాట్లు కొనుక్కున్నారు. ఆదివారం ఉదయం కార్లలో వస్తారు, ఆరాధన అయ్యాక గంటసేపు కాంపౌండ్‌లో మాట్లాడుకుని వెళ్లిపోతారు. ఆ వెంటనే వాచ్‌మన్ గేటు వేస్తాడు. గేటు బయట మాత్రం వీధి ఏడు రోజులూ కిటకిటలాడుతూనే ఉంటుంది. తోపుడు బండ్లు, ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లు నలుగురైదుగురు కలిసి ఉండే గదులు, పాత ముస్లిం కుటుంబాలు, రెండు మూడు మార్వాడీ దుకాణాలు, వెనక చిన్న బస్తీ. వీళ్లలో మా సభ్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు.

ఆంగ్లికన్ పద్ధతిలో ఒక్కో గుడికి ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దులో ఉన్నవాళ్లంతా గుడికి వచ్చినా రాకపోయినా అక్కడి గురువు పట్టించుకోవాల్సినవాళ్లే. మన దగ్గర ఆ హద్దు ఎప్పుడో పోయి సభ్యుల రిజిస్టర్ మిగిలింది. పేరుండి చందా కడితే సంఘం, లేకపోతే కాదు. ఈ పాస్టరేట్‌కు, అంటే ఈ సంఘానికి, పాస్టర్‌గా వచ్చాక నేను చేసి చూడాలనుకున్నది ఒక్కటే: గుడి చుట్టూ నడిచి వెళ్లగలిగినంత మేర పాత హద్దు ఉందనుకుని ఒక ఏడాది పని చేస్తే ఏమవుతుంది? 2024 డిసెంబర్ 1న, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం మొదటి ఆదివారం నాడు మొదలుపెట్టాం.

మళ్లీ సర్వేనా?

పద్ధతి చాలా మామూలుది. వారంలో రెండు సాయంత్రాలు ఇళ్లకు వెళ్లడం. ఒకటి దూరంగా ఉన్న మా సభ్యుల ఇళ్లకు, ఇంకొకటి వీధిలోకి. వీధిలోకి వెళ్లేటప్పుడు స్త్రీల మైత్రి (సంఘంలోని ఆడవాళ్ల బృందం) నుంచి ఒకరిని తప్పకుండా వెంటబెట్టుకున్నాను. పాస్టర్ ఒక్కడే మగవాళ్లు లేని ఇంటి గుమ్మంలో నిలబడితే బాగుండదు. చంకలో బైబిలు ఉండదు, కరపత్రాలు ఉండవు, వాళ్లు అడిగితే తప్ప ప్రార్థన ఉండదు, ఫొటోలు అసలే ఉండవు. "పక్క గుడి పాస్టర్‌ని, పలకరిద్దామని వచ్చాను" అనేదే మా పరిచయం.

మొదట్లో నోట్‌బుక్ తీసుకెళ్లాం. అది చూడగానే మొహాలు మారిపోయేవి. అప్పటికి నెల కిందటే, నవంబర్ 6 నుంచి రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటి కులగణన మొదలుపెట్టింది. మూసీ పక్కన ఇళ్లకు గుర్తులు వేశారన్న వార్తలూ తాజాగానే ఉన్నాయి. "మళ్లీ సర్వేనా సార్?" అని ఒకరు, "ఇల్లు కూలగొడతరా?" అని ఇంకొకరు. అందుకని గుమ్మంలో రాయడం మానేసి, గుడికి తిరిగొచ్చాక గుర్తున్నంత వరకు రాసుకున్నాం. మతం మార్చడానికి వచ్చారా అని నేరుగా అడిగినవాళ్లూ ఉన్నారు. కాదని చెప్పాం. ఆ మాటను నమ్మించేది మళ్లీ మళ్లీ వెళ్లడమే తప్ప వాదన కాదు. అన్నట్టు, వీధిలో నన్ను అందరూ "ఫాదర్" అంటారు. సీఎస్ఐలో ఆ పిలుపు లేదు, సంఘంలో అయ్యగారు అనే అంటారు. సినిమాల పుణ్యమా అని వచ్చిన పిలుపు, సరిదిద్దలేదు.

ఈ తిరుగుళ్లలో నాకు తెలిసిందేమిటంటే, కమిటీ గదిలో కూర్చుని మనం ఊహించే అవసరాలు వేరు, గుమ్మంలో వినబడేవి వేరు. పాస్టరేట్ కమిటీ జనవరిలో మెడికల్ క్యాంపు పెట్టాలంది. పెట్టాం. జనం బాగానే వచ్చారు, బీపీ చూశారు, షుగర్ చూశారు, వారానికి సరిపడా మాత్రలిచ్చారు. ఎనిమిదో రోజున ఆ మనిషి ఏం చేయాలన్నది ఎవరి లెక్కలోనూ లేదు. 2018 నుంచి నడుస్తున్న ప్రభుత్వ బస్తీ దవాఖానా మా వీధికి నడక దూరంలోనే ఉంది. అక్కడ డాక్టర్ ఉంటారు, పరీక్షలు ఉచితం. మనం చేయాల్సింది దానికి పోటీ పెట్టడం కాదు, అక్కడి దాకా మనిషిని తీసుకెళ్లడం. క్యాంపుకు ఫ్లెక్సీ కొట్టించవచ్చు, తోడు వెళ్లడానికి కొట్టించలేం. క్యాంపులంటే కమిటీలకు మోజు అందుకేనేమో.

తాళం

వీధిలో కూరగాయలు అమ్మే ఆడవాళ్లు తెల్లవారకముందే మార్కెట్‌కు వెళ్లి సరుకు తెచ్చుకుంటారు. రాత్రి ఎనిమిది దాకా బండి దగ్గరే. వాళ్లలో పెద్దావిడ ఒకామె మా స్త్రీల మైత్రి సెక్రటరీతో మాటల మధ్యలో అంది: "నీళ్లు తాగం అమ్మా. తాగితే యాడికి పోవాలె? మీ గుడి కాడ బాత్రూమ్ ఉన్నది గదా, తాళం ఎందుకేస్తరు?"

నిజమే. కాంపౌండ్ వెనక ఆడవాళ్లకు రెండు, మగవాళ్లకు రెండు మరుగుదొడ్లున్నాయి. ఆదివారం నాలుగు గంటలు, పెళ్లి ఉంటే ఇంకో నాలుగు గంటలు. మిగతా వారమంతా తాళం. ఇది కమిటీలో పెట్టినప్పుడు జరిగిన చర్చ, చర్చి ఆస్తుల గురించి నేను విన్న చర్చలన్నింటిలోకీ పొడవైనది. ఎవరు కడుగుతారు? నీళ్లు చాలకపోతే ట్యాంకర్ ఎవరు తెప్పిస్తారు? బకెట్లు పోతే? గేటు తీసి ఉంటే తాగుబోతులు లోపలికి రారా? ఒకరు మాత్రం "రేపు వీళ్లకు హక్కు వస్తుందంటారు" అని అసలు భయం బయటపెట్టారు. ఈ ప్రశ్నల్లో ఒక్కటీ తీసిపారేసేది కాదు. పాత గుడి కాంపౌండ్లలో కబ్జాల గొడవలు తెలియనివాళ్లు ఈ ఊళ్లో లేరు.

చివరికి తేలింది ఇలా: ఆడవాళ్లవి రెండూ ఉదయం ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా తెరవాలి. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర కాదు, వాళ్లలోనే ఒకరి దగ్గర ఉండాలి. కడిగే పని చేసే అమ్మాయికి జీతం సంఘం ఇవ్వాలి, ఫినాయిలు, చీపురు, సబ్బు వాళ్లు చందా వేసుకుని కొనుక్కోవాలి. ఈ చివరి షరతు నాది. ఉచితంగా ఇచ్చేయొచ్చు కదా అని స్త్రీల మైత్రి వాళ్లు కోపగించుకున్నారు. సబ్బు వాళ్ల డబ్బుతో వస్తే అది వాళ్ల బాత్రూమ్ అవుతుంది, అడ్డం తిరిగినవాళ్లను వాళ్లే అడుగుతారు అన్నాను. అలాగే జరిగింది. పక్క సందులోంచి వచ్చి శుభ్రంగా ఉంచని ఒకామెను వాళ్లే కేకలేశారు. బకెట్లు పోలేదు. మగ్గులు రెండు పోయాయి.

మార్చిలో

2025లో భస్మ బుధవారం, అంటే ఈస్టర్‌కు ముందు నలభై రోజుల శ్రమకాలం మొదలయ్యే రోజు, మార్చి 5న వచ్చింది. రంజాన్ నెల మన దగ్గర అప్పటికి మూడు రోజుల ముందే మొదలైంది. వీధిలో ఒక పక్క సాయంత్రం ఇఫ్తార్, హలీమ్ బట్టీలు, ఇంకో పక్క మా శ్రమకాల కూడికలు. సంఘంలో పెద్దవాళ్లు కొందరు శుక్రవారం ఉపవాసం ఉంటారు. మసీదు కమిటీలో ఒక పెద్దాయన నాతో, "మీరు నలభై, మేం ముప్పై" అని నవ్వారు. మాది నలభై అయినా మధ్యలో ఆదివారాలు లెక్కలోకి రావని చెబితే, "అయితే మీది సులువే" అన్నారు.

శ్రమకాలంలో మా ఇళ్లలో చిన్న డబ్బాల్లో ఉపవాసపు కానుక వేయడం అలవాటు. ఏటా అది డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే సంఘాలన్నీ కలిసిన మండలం) చెప్పిన పనికి పోతుంది. ఈసారి కొంత వీధికి ఉంచమని అడగడానికి కారణం ఒక ఆటో డ్రైవర్. రెండు నెలలుగా దగ్గు, సాయంత్రమైతే జ్వరం, మనిషి సగమయ్యాడు. మెడికల్ షాపులో టానిక్ కొని తాగుతున్నాడు. మా యూత్‌లో ఒక కుర్రాడు అతన్ని బస్తీ దవాఖానాకు తీసుకెళ్లాడు, కళ్లె పరీక్షలో టీబీ అని తేలింది.

మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. మామూలు టీబీకి ఆరు నెలలు, అందులో మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. తిండికి నెలకు 500 ఇచ్చే నిక్షయ్ పోషణ్ సాయం 2024 నవంబర్ నుంచి 1,000 రూపాయలైంది. ఇవన్నీ కాగితం మీద సరిగ్గానే ఉన్నాయి. చిక్కెక్కడంటే, ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడాలి, ఇతని ఖాతా వాడక ఆగిపోయి ఉంది. దాన్ని తెరిపించడానికి ఆటో ఆపుకుని బ్యాంకుకు తిరగాలి. ఆటో ఆపితే ఆ రోజు తిండి లేదు. పైగా మూడో వారానికి దగ్గు తగ్గేసరికి మందులు ఇక చాలనుకున్నాడు. టీబీలో అసలు ప్రమాదం ఇక్కడే. సగంలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, ఆ మందులకు లొంగని టీబీగా మారే అవకాశమూ ఉంది. వీధి చివర ఉండే మా రిటైర్డ్ నర్సు ఒకామె రోజూ పొద్దున ఆటో బయల్దేరే వేళకు రెండు ఉడికించిన గుడ్లు పట్టుకుని అతని ఇంటి ముందు నిలబడేది. మందు మింగాకే గుడ్లు. ఉపవాసపు డబ్బాలు ఆ గుడ్లకు, పప్పుకు సరిపోయాయి. బ్యాంకు పని కుర్రాడు చేసిపెట్టాడు. సెప్టెంబర్‌లో కోర్సు పూర్తయింది. ఆయన మా గుడికి రాడు, ప్రతి మంగళవారం హనుమాన్ గుడికి వెళ్తాడు. మేమూ ఎప్పుడూ రమ్మనలేదు.

చివరి బెంచీ

ఏడాదిలో నన్ను ఎక్కువగా పట్టి కుదిపిన పని మే నెలలో వచ్చింది. అది వీధిలోది కాదు, సంఘంలోపలిదే. లోపలిదో బయటిదో ఎవరూ తేల్చలేనిది అనడమే నిజం.

చాలా ఏళ్లుగా తెలుగు ఆరాధనకు వచ్చి చివరి బెంచీలో కూర్చునే ఒకాయన ఉండేవారు. సీఎస్ఐ ప్రభు భోజన (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే) ఆరాధనలో సమాధానం, అంటే శాంతి పలకరింపు, చేతులు మారుతూ బెంచీ నుంచి బెంచీకి వెళ్తుంది. బల్ల దగ్గర మొదలై చివరికి ఆగేది ఆయన దగ్గరే. పేరు మాత్రం రిజిస్టర్‌లో లేదు. కారణం సంఘంలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వచ్చింది. క్రైస్తవులకు రాలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు ఇక్కడ బీసీ-సీ కిందికి వస్తారు, దానికి రిజర్వేషన్ ఒక్క శాతం. పిల్లల చదువు, ఉద్యోగం ఒక సర్టిఫికెట్ మీద ఆధారపడి ఉన్నప్పుడు, రిజిస్టర్‌లో పేరు రాయించుకోమని ఎవరికి మాత్రం నోరొస్తుంది? మా సంఘం లెక్క మూడు వందల కుటుంబాలకు అటూ ఇటూ అని డయాసిస్‌కు పంపుతాం. ఆదివారం కూర్చునేవాళ్లను చూస్తే ఆ లెక్క నిజం కాదని తెలిసిపోతుంది.

ఆయన గాంధీ ఆసుపత్రిలో చనిపోయారు. మధ్యాహ్నం ఎండలో భార్య, కొడుకు వచ్చారు. "మా ఆయన్ను గుడి పద్ధతిలోనే పెట్టాలి అయ్యగారూ, అదొక్కటే అడిగిండు" అంది ఆమె. సమాధుల తోటలో కొత్త చోటు లేదు. చాలా ఏళ్లుగా పాత కుటుంబ సమాధులనే మళ్లీ తెరిచి అందులోనే పెడుతున్నాం, అదీ ఆ కుటుంబం వాళ్లకే. సభ్యత్వం లేదు, చందా లేదు, కుటుంబ సమాధి లేదు. కమిటీవాళ్లకు ఫోన్లు చేశాను. రూల్ ఒకసారి వదిలితే రేపు ఎవరికి కాదంటామని ఒకరన్నారు. ఆయన చెప్పిందీ అబద్ధం కాదు, ఆ తోటలో చోటు కోసం సొంత సభ్యులే కొట్టుకుంటున్నారు.

భూస్థాపన ఆరాధన నేను చేస్తాను, అందులో చర్చ లేదన్నాను. చోటు సంగతి మాత్రం కమిటీది. సాయంత్రం నాలుగింటికి ఒక పెద్దావిడ, రిటైర్డ్ టీచర్, సెక్రటరీకి ఫోన్ చేశారు. భర్త సమాధి పక్కన ఆమె కోసం ఎప్పుడో రిజర్వ్ చేసి ఉంచిన చోటు ఉంది. "అది ఆయనకు ఇచ్చేయండి. నన్ను మా ఆయన దాంట్లోనే పెడుదురు గానీ" అన్నారు. సెక్రటరీ రాతపూర్వకంగా కావాలన్నాడు. ఆమె మనవడితో కాగితం పంపారు, అందులో తప్పులున్నాయని మళ్లీ తనే దిద్ది ఇంకోటి పంపారు. చీకటి పడకముందే పని అయిపోయింది.

చావు నమోదుకు ఇరవై ఒక్క రోజుల గడువుంటుంది. ఆ కాగితాలకు కొడుకు వెంట మా యూత్ వెళ్లారు. మతం దగ్గర ఏం రాయాలని ఆ అబ్బాయి నన్ను అడిగాడు. అది నేను చెప్పాల్సింది కాదన్నాను. ఏం రాశాడో అడగలేదు.

జూన్ కమిటీలో ఒక తీర్మానం చేశాం: ఏడాదిగా ఆరాధనకు వస్తున్న ఎవరికైనా భూస్థాపనకు రిజిస్టర్ అడ్డు కాదు. చోటు గురించి ఆ తీర్మానంలో ఒక్క మాట లేదు, ఎందుకంటే చోటు లేదు.

మిగతా నెలలు

మీసేవలో కొత్త రేషన్ కార్డుల దరఖాస్తులు వేసవి నుంచే నడుస్తున్నాయి. మా యూత్‌లో సగం మంది గచ్చిబౌలి, మాదాపూర్‌లలో ఐటీ ఉద్యోగులు. గుడిలో వాళ్లకున్న పని గిటార్, ప్రొజెక్టర్. ఆదివారం సాయంత్రం సండే స్కూల్ గదిలో ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చోమన్నాం. ఆధార్‌లో ఒక పేరు, గ్యాస్ బుక్కులో ఇంకో పేరు, పెళ్లై వచ్చిన కోడలి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే. ఇవన్నీ సరిచేయడానికి కావాల్సింది ఓపిక, అది వాళ్లకుందని నాకప్పుడే తెలిసింది. జులైలో కొత్త కార్డులు రావడం మొదలైంది. సన్నబియ్యం ఇస్తున్న ఏడాది కావడంతో గదికి తాకిడి బాగా పెరిగింది.

జులైలోనే సికింద్రాబాద్ బోనాలు. ఆ రోజు మా వీధి మీదుగా వేల మంది నడుస్తారు. తాగునీళ్ల డ్రమ్ములు గేటు దగ్గర పెట్టి, ఆడవాళ్ల కోసం కాంపౌండ్ తెరిచి ఉంచాం. దీనికి సంఘంలో గట్టిగానే అభ్యంతరం వచ్చింది. కొందరికి మనస్సాక్షి అడ్డొచ్చింది, దాన్ని తక్కువ చేయను. వాళ్లను ఆ పూట రమ్మని అడగలేదు. వచ్చినవాళ్లే చాలారు. అడ్డుచెప్పిన వాళ్లలో ఒకాయన మాత్రం మర్నాడు పొద్దున్నే వచ్చి కాంపౌండ్ ఊడ్పించారు.

దూరపు సభ్యుల సంగతి వేరు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ యాప్‌లో పేరు కొట్టి పైనుంచి ఓకే వచ్చేదాకా ఆగాలి. ఆ పైన ఉన్న డెబ్భై ఎనభై ఏళ్లవాళ్లకు ఆ ఫోన్ మోగిందని తెలియదు. పిల్లలు అమెరికాలో ఉంటారు, తెల్లవారుజామున వీడియో కాల్ వస్తుంది, ఇక రోజంతా టీవీ. ఇంటి దగ్గర ప్రభు భోజనం ఇవ్వడానికి వెళ్తే ఐదు నిమిషాల ఆరాధన, గంటన్నర మాటలు. కొంపల్లి వైపు ఉన్న అలాంటి నలుగురైదుగురిని నెలకోసారి ఒకరి ఇంట్లో కూర్చోబెట్టగలిగాం. ఈ పనికి నాకంటే క్యాబ్ డ్రైవర్ ఎక్కువ అవసరం.

సాయంత్రం ట్యూషన్ గురించి చెప్పుకోవడానికి ఎక్కువ లేదు. తొమ్మిది, పది తరగతుల పిల్లలు వస్తున్నారు, ఇంగ్లిష్, సోషల్ చెప్పడానికి రిటైరైనవాళ్లు దొరికారు.

డబ్బు కోతపండుగ (పంటకు దేవుడికి కృతజ్ఞతగా కానుకలు తెచ్చే పండుగ) నుంచి వచ్చింది. మా దగ్గర కోతపండుగ వేలంలో గుమ్మడికాయకు, నాటుకోడికి పలికే ధర చూస్తే బయటివాళ్లకు మతిపోతుంది. పాత బాకీలు, వియ్యంకుల పంతాలు అన్నీ ఆ కోడి మీదే తేల్చుకుంటారు. ఏటా ఆ సొమ్ము రంగులకు, సౌండ్ సిస్టమ్‌కు వెళ్లేది. ఈసారి అందులో మూడో వంతు వీధి పనికని వేలానికి ముందే చెప్పాం. సగం అడిగాను, సౌండ్ సిస్టమ్ నెగ్గింది.

2025 నవంబర్ 30న మళ్లీ ఆగమన కాలం మొదలైంది. ఏడాదిలో రిజిస్టర్‌లోకి వీధి నుంచి కొత్త కుటుంబం ఒక్కటీ రాలేదు. డయాసిస్‌కు పంపే ఫారంలో ఈ పని రాయడానికి గడి లేదు, వెనక పేజీలో రాశాను. కమిటీ మాత్రం వచ్చే ఏడాది బడ్జెట్‌లో వీధి పనికి ఒక పద్దు పెట్టింది, జూన్‌లో మళ్లీ చూసి ఉంచాలో తీసేయాలో తేలుస్తామన్న షరతుతో. నర్సుగారికి ఇప్పుడు ఇంకో ఇద్దరు పేషెంట్లున్నారు. మరుగుదొడ్డి సెప్టిక్ ట్యాంక్ రోజువారీ వాడకానికి తట్టుకోలేకపోతోంది, సంక్రాంతిలోపు మార్చాలి. ట్యూషన్‌కు లెక్కలు చెప్పేవాళ్లు ఇంకా దొరకలేదు. మంగళ, శుక్రవారాలు సాయంత్రం ఆరు తర్వాత రాగలిగితే చాలు, ఏ గుడికి వెళ్లేవాళ్లైనా సరే, వెళ్లనివాళ్లైనా సరే.